ఒడ్డుకి తిరిగొచ్చేటప్పుడే కయాక్ ఎందుకు అడ్డం తిరుగుతోంది?

నావలూరు_నాని
ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో చాలాకాలంగా కయాక్ నడుపుతున్నాను. తెడ్డు వేయడం, తిరగడం, పడితే మళ్ళీ ఎక్కడం అన్నీ అక్కడే నేర్చుకున్నా. ఈ మధ్య కోవళం దగ్గర సముద్రంలోకి దిగుతున్నాం, నేనూ మా ఆఫీసు వాళ్ళిద్దరూ. లోపలికి వెళ్ళడం ఎలాగో కుదురుతోంది. కెరటాలు విరిగే చోటు దాటాక హాయిగానే ఉంటోంది. గొడవంతా తిరిగి రావడంలోనే. వెనక నుంచి కెరటం లేపుతుంది, కయాక్ దూసుకుపోతుంది, అంతలో ముక్కు పక్కకి తిరిగి ఒడ్డుకి అడ్డంగా పడుతుంది. ఆ తర్వాత బోల్తా. ఎవరినైనా అడిగితే ఒకరు వెనక్కి వాలమంటారు, ఒకరు ముందుకి వంగమంటారు. కెరటం వైపు ఒరగమని ఒకరు, ఒడ్డు వైపని ఇంకొకరు. నాది 14 అడుగుల సిట్-ఇన్, అంటే లోపల కాళ్ళు పెట్టి కూర్చునేది. స్కెగ్ (తోక కింద దించుకునే రెక్క) ఉంది, రడ్డర్ (చుక్కాని) లేదు. సముద్రంలో అలవాటున్నవాళ్ళు చెప్పండి.

పల్లీబఠాణీ
మొదట ఏ కోవళమో తేల్చండి. కేరళ కోవళం అనుకుని సలహాలిచ్చేవాళ్ళు నలుగురు ఇప్పటికే టైప్ చేస్తూ ఉంటారు.

నావలూరు_నాని
మన చెన్నై ఈసీఆర్ రోడ్డు మీది కోవళమే బాబూ.

కోవళం_కీర్తి
ఒడ్డు వైపు ఒరగమన్నవాళ్ళ దగ్గర ఇంకేమీ నేర్చుకోకండి. అడ్డం తిరిగిన కయాక్‌ని నురగ ఒడ్డు వైపు తోస్తూ ఉంటుంది. మీరు కూడా అటే వాలారంటే ఆ వైపు అంచు నీళ్ళలోకి దిగబడి, కళ్ళు మూసి తెరిచేలోగా తలకిందులవుతారు. ఒరగాల్సింది కెరటం వైపే. అంటే నడుము పైభాగాన్ని వేలాడేయమని కాదు. కెరటం వైపు పిరుదు మీద బరువు వేసి, ఒడ్డు వైపు మోకాలితో కయాక్ అంచుని పైకి ఎత్తాలి. తెడ్డుని నురగ మీద ఆనించండి. నురగే మిమ్మల్ని మోస్తూ పక్కవాటుగా ఒడ్డుదాకా తీసుకొస్తుంది. అడ్డం తిరగడం అసలు ప్రమాదమే కాదు, తిరిగాక ఎటు ఒరిగారన్నదే లెక్క.

ఒక్క జాగ్రత్త మాత్రం. మోచేతులు కిందికి, పక్కటెముకలకి దగ్గరగా ఉండాలి. చెయ్యి పైకి చాచి తెడ్డు వేస్తే కెరటం లాగిన లాగుడుకి భుజం కీలు తప్పుతుంది. ఈ ఆటలో ఎక్కువమంది ఇంట్లో కూర్చునేది దాని వల్లే.

ముందుకా వెనక్కా అంటే, లోపలికి వెళ్ళేటప్పుడు ముందుకి. ఎదురొచ్చే కెరటం గుండెకి తగలబోయే ముందు తెడ్డు దాని అవతల నీళ్ళలో గుచ్చి లాక్కోవాలి. తెడ్డుని ముఖానికి అడ్డంగా పట్టుకోవద్దు, అది వచ్చి పళ్ళకే తగులుతుంది. తిరిగొచ్చేటప్పుడు కెరటం కయాక్ తోకని లేపగానే కొంచెం వెనక్కి, ముక్కు నీళ్ళలో గుచ్చుకోకుండా.

బెసంట్‌నగర్_బాబాయ్
కీర్తి గారు చెప్పినదంతా కెరటం పట్టుకున్నాక చేసే పని. అసలు దాన్ని పట్టుకోవడం ఎందుకు? నాని, నువ్వు సర్ఫింగ్‌కి వెళ్ళలేదు, ఇంటికి వస్తున్నావు. విరిగే చోటుకి బయటే ఆగు. ముక్కు సముద్రం వైపు తిప్పి కూర్చో. పెద్దవి గుంపుగా వస్తాయి, తర్వాత కాసేపు చిన్నవి వస్తాయి. గుంపులో చివరిది నీ కింద నుంచి వెళ్ళగానే తిరిగి, దాని వీపు వెనకే తెడ్డు వెయ్యి. ఇంకొకటి వెనక నుంచి లేపితే ఆపి, తెడ్డు వెనక్కి వేసి, దాన్ని ముందుకి పోనివ్వు. ఎవరికీ ఓపిక ఉండదు, అదీ అసలు జబ్బు. టిఫిన్ టైమ్ అయిందని తొందరపడి వచ్చేస్తారు.

వెనక్కి వాలడం కూడా నాకు నచ్చదు. వెనక్కి వాలినవాడి చేతిలో తెడ్డుకి బలం ఉండదు. నిటారుగా కూర్చోవాలి.

నావలూరు_నాని
ఆగుతున్నాం బాబాయ్ గారూ. ఆగి, చివరి కెరటం వెనకే బయల్దేరినా సగం దారిలో ఇంకొకటి వచ్చి అందుకుంటోంది. కెరటం వేగం మనకెక్కడిది?

గిండీ_గణితం
దీనికి లెక్క ఉంది. లోతు తక్కువున్న చోట కెరటం వేగం లోతు మీదే ఆధారపడుతుంది. మీటరు ఎత్తు కెరటం దాదాపు 1.3 మీటర్ల లోతుకి రాగానే విరుగుతుంది. ఆ లోతులో దాని వేగం సెకనుకి సుమారు 3.6 మీటర్లు. గట్టిగా తెడ్డు వేస్తే మీది 2 మీటర్లు. కెరటాల మధ్య 10 సెకన్ల తేడా ఉంటే వెనకది 36 మీటర్ల దూరంలో ఉన్నట్టు. అది మిమ్మల్ని అందుకోవడానికి 22 సెకన్లు పడుతుంది, ఆలోపు మీరు 45 మీటర్లు వచ్చేస్తారు. తేడా 6 సెకన్లే అయితే 27 మీటర్లకే దొరికిపోతారు. లోతు మారుతూ ఉంటుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే. కానీ విషయం అర్థమవుతుంది: నురగ పట్టీ వెడల్పు ఎంతో ముందు ఒడ్డు మీద నిలబడి చూసుకోవాలి. 25 మీటర్లయితే బాబాయ్ గారి పద్ధతి పనిచేస్తుంది. 60 మీటర్లయితే మధ్యలో ఒకటి తగలక తప్పదు, అప్పుడు కీర్తి గారి పద్ధతి.

పల్లీబఠాణీ
ఎంసెట్‌లో ఈ ప్రశ్న వచ్చి ఉంటే నేను ఇప్పుడు సముద్రంలో కాదు, సచివాలయంలో ఉండేవాణ్ణి.

భీమిలి_బుజ్జి
మాది వేటకెళ్ళే ఇల్లు, తాత తెప్ప మీద వెళ్ళేవాడు, నాన్న ఫైబర్ బోటు మీద. నేను షోళింగనల్లూరులో లాప్‌టాప్ మీద. లెక్కలు బాగున్నాయి గానీ మా వాళ్ళు చేసేది ఇంకా సులువు. ఆ ఊరి పడవలు ఎక్కడ ఒడ్డెక్కుతాయో అక్కడే ఎక్కు. వందల ఏళ్ళుగా చూసి ఎంచుకున్న చోటు అది. కోవళంలో ఫైబర్ బోట్లు చూడండి, ఇంజన్‌తో కెరటం వీపు మీద ఎక్కి, దిగిపోకుండా దానితోపాటే ఇసుక మీదకి వచ్చేస్తాయి. ఇంజన్ లేని మనం ఆ వేగం అందుకోలేం. కానీ చోటు మాత్రం అదే. రిసార్టు ముందు బాగుందని అక్కడ దిగేవాళ్ళని చూస్తే మా నాన్న నవ్వుతాడు.

ఇంకోటి. వాళ్ళ పడవలు వచ్చే దారిలో తచ్చాడకండి. వలలు ఎండేసిన చోట కయాక్ ఈడ్చకండి. అడిగితే మంచిగానే చెప్తారు, తమిళం రాకపోయినా చేతులతోనే చెప్తారు.

వడపళని_వాసు
ఇంత కష్టం ఎందుకు? సిట్-ఆన్-టాప్ కొనుక్కోండి, పైనే కూర్చునేది. నీళ్ళు నిండవు, కూర్చునే గుంతని కప్పే స్కర్ట్ గోల లేదు, పడితే ఎక్కి కూర్చోవడమే. నేను దాని మీద చేపలు కూడా పడతాను.

కోవళం_కీర్తి
వాసు గారూ, మునగదన్న మాట నిజమే. కానీ వెడల్పు పడవ కెరటం వాలుతో పాటే తనూ వాలుతుంది. పక్క నుంచి నిలువు కెరటం వస్తే ఆ వెడల్పే మిమ్మల్ని విసిరేస్తుంది. సన్నటి పడవ నడుము కింద అటూ ఇటూ ఊగుతుంది, పైన మనిషి నిటారుగా ఉంటాడు. తొడలు పట్టి ఉంచే పట్టీలు లేకపోతే సిట్-ఆన్-టాప్‌లో ఆ పని చేయలేరు.

వడపళని_వాసు
పట్టీలు వేయించాను. నన్నూ పడవనీ కలిపే లీష్ తాడు కూడా ఉంది, పడినా పడవ పోదు.

బెసంట్‌నగర్_బాబాయ్
లీష్!! విరిగే కెరటాల్లో కాలికి తాడు కట్టుకుంటావా? నురగలో పడవ ఒకవైపు పోతుంది, నువ్వు ఇంకోవైపు పోతావు, తాడు మధ్యలో మెడకో చేతికో చుట్టుకుంటుంది. తెడ్డుకి కట్టే తాడు కూడా అక్కడ విప్పేయాలి.

వడపళని_వాసు
బాబాయ్ గారూ, బయట గాలి వీచేటప్పుడు పడవ చెయ్యి జారితే? ఖాళీ కయాక్ గాలికి మనం ఈదే వేగం కన్నా వేగంగా కొట్టుకుపోతుంది. అప్పుడు ఆ తాడే ప్రాణం.

బెసంట్‌నగర్_బాబాయ్
బయట కట్టుకో, నురగలోకి వచ్చే ముందు విప్పు. నేను చెప్పింది నురగ గురించి.

వడపళని_వాసు
నురగలోకి వచ్చే ముందు ఊగుతున్న పడవలో వంగి విప్పడం మీరు చేసి చూపించండి, నేను ఒప్పుకుంటా.

గిండీ_గణితం
లీష్ చర్చ ప్రతి నెలా ఒకసారి వస్తుంది, ఎప్పుడూ తేలదు. నాని గారి ప్రశ్నకి ఇంకో ముక్క. పడిపోయాక ఎక్కడ ఉన్నారన్నది ముఖ్యం. కయాక్‌కీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు. కాక్‌పిట్‌లో, అంటే కూర్చునే గుంతలో, 150 లీటర్ల నీళ్ళు చేరితే అది 150 కిలోలు, దాని వెనక కెరటం. మోకాళ్ళ లోతులోనే కాలు విరుగుతుంది. మీరు సముద్రం వైపు ఉండాలి, కయాక్ ముందు పోవాలి. పడకుండా ఒడ్డు చేరినా దిగేది సముద్రం వైపే.

టీనగర్_తులసి
మా ఆయనకీ ఈ పిచ్చి ఉంది, అందుకే చదువుతున్నా. నాకు కెరటాల సంగతి తెలియదు గానీ ఇంట్లో కూర్చునేవాళ్ళ తరఫున అడుగుతున్నా. ఎప్పుడు వెళ్ళారో, ఎప్పటికి రావాలో ఒడ్డు మీద ఎవరికైనా చెప్పి వెళ్తున్నారా? ఫోన్ నీళ్ళు చేరని సంచిలో ఉంటోందా? కోస్ట్ గార్డ్ నంబర్ 1554, అది అందులో సేవ్ అయి ఉందా? ఆయన్ని అడిగితే లైఫ్ జాకెట్ పడవ వెనక కట్టి ఉందన్నారు. పడవ వెనక కట్టి ఉంటే ఎవరికి ఉపయోగం?

కోవళం_కీర్తి
తులసి గారూ, జాకెట్ వేసుకోని మనిషిని మా గుంపులో నీళ్ళలోకి రానివ్వం. ఇసుక మీదే వేసుకుని జిప్ పెట్టాలి. విజిల్ దానికే కట్టి ఉండాలి.

పల్లీబఠాణీ
పడవకి ఈత రాదేమో తులసి గారూ, జాగ్రత్త పడుతున్నాడు పాపం.

నావలూరు_నాని
వాతావరణం ఎలా చూస్తారు? మేం వెళ్ళిన రోజు ఫోర్‌కాస్ట్‌లో 1.2 మీటర్లు అని ఉంది. అక్కడ వచ్చినవి అంతకన్నా చాలా పెద్దవి.

గిండీ_గణితం
అబద్ధమేం చెప్పలేదు వాళ్ళు. ఫోర్‌కాస్ట్‌లో ఇచ్చే ఎత్తు, కెరటాల్లో పెద్దవైన మూడో వంతు వాటి సగటు. 1.2 అని ఉంటే వెయ్యి కెరటాల్లో ఒకటి 2.2 మీటర్ల దాకా రావచ్చు. 8 సెకన్లకొకటి చొప్పున వెయ్యి కెరటాలు రావడానికి రెండుంపావు గంటలు చాలు, అంటే ఒక ఉదయం షికారులో మీకు అది కనపడుతుంది.

ఎత్తు కన్నా పీరియడ్ చూడండి, అంటే ఒక కెరటానికీ ఇంకోదానికీ మధ్య సెకన్లు. అదే 1.2 మీటర్లు, 6 సెకన్లయితే దగ్గర దగ్గరగా, నిట్టనిలువుగా, చికాకుగా ఉంటుంది. 14 సెకన్లయితే బయట ఉందో లేదో తెలియదు, ఒడ్డు దగ్గర మాత్రం లోతు తగ్గేకొద్దీ లేచి నిలబడుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుఫాను పుట్టించిన అలలు రోజుల తరబడి ప్రయాణించి మన దాకా వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, కెరటాలు మాత్రం ఉంటాయి. 2024 మే నెలలో కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు మెడికల్ విద్యార్థులు ఇలాంటి కెరటాలకే కొట్టుకుపోయారు. హెచ్చరిక ముందే ఉంది. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇంకాయిస్ సైట్‌లో ఎత్తైన అలల హెచ్చరికలు, ఇలా దూరం నుంచి వచ్చే అలలకి స్వెల్ సర్జ్ హెచ్చరికలు జిల్లాలవారీగా వస్తాయి.

పల్లీబఠాణీ
ఇంకాయిస్ ఉన్నది హైదరాబాద్‌లో. సముద్రం మన దగ్గర, దాని జాతకం చెప్పేవాళ్ళు నిజాంపేట పక్కన.

భీమిలి_బుజ్జి
జాతకం సరిగ్గానే చెప్తారు. మా ఊళ్ళో వాళ్ళ సమాచారం చూడకుండా ఇప్పుడు ఎవరూ పడవ తీయరు. చూశాక కూడా ఒడ్డు మీద ఒక బీడీ కాలేంత సేపు నిలబడతారు. అది సైట్‌లో ఉండదు.

వడపళని_వాసు
జూన్, జూలైలో ఉదయం బెస్ట్. పడమటి గాలి ఉంటుంది, సముద్రం అద్దంలా ఉంటుంది. నేను ఆ రెండు నెలలే ఎక్కువ వెళ్తా.

బెసంట్‌నగర్_బాబాయ్
దీన్ని మాత్రం గట్టిగా ఖండిస్తున్నా. అద్దంలా కనిపించేది ఒడ్డు పక్కనే. పడమటి గాలికి చెట్లూ బిల్డింగులూ అడ్డు ఉంటాయి కాబట్టి అక్కడ నీళ్ళు కదలవు. కిలోమీటరు లోపలికి వెళ్ళాక అదే గాలి నిన్ను బంగాళాఖాతం మధ్యకి తోస్తుంది, తిరిగి రావాలంటే ఎదురుగాలి. కెరటం కనీసం ఒడ్డుకి తెస్తుంది, ఈ గాలి తేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలై వెనక్కి తోస్తుందిలే అనుకుంటే, ఆ నెలల్లో అది ఆలస్యంగా వస్తుంది, కొన్ని రోజులు రాదు కూడా. ఫిబ్రవరి, మార్చి ఉదయాలు అన్నిటికన్నా మేలు.

వడపళని_వాసు
ఒడ్డుకి సమాంతరంగా పోతాను, లోపలికి పోను. అయినా మీ మాట కాదనను.

కోవళం_కీర్తి
అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నేను సముద్రం వైపే చూడను. ఈశాన్య గాలి, పైగా తుఫాన్లు. ఆ మూడు నెలలూ ముట్టుకాడులో రోల్ ప్రాక్టీస్, అంటే బోల్తా పడ్డ పడవలోనే ఉండి మళ్ళీ పైకి లేవడం.

నావలూరు_నాని
ఇంకో డౌట్. కోవళంలో నురగ లేని సందు ఒకటి కనిపిస్తుంది, రెండు పక్కలా కెరటాలు విరుగుతున్నా అక్కడ విరగవు. అక్కడి నుంచి రావచ్చా?

కోవళం_కీర్తి
అది రిప్. ఒడ్డుకి వచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి పోయే దారి. అక్కడ లోతు ఎక్కువ కాబట్టే కెరటం విరగదు. వెళ్ళేటప్పుడు దాన్ని వాడుకోండి, లిఫ్ట్ ఎక్కినట్టు బయట దింపుతుంది. వచ్చేటప్పుడు మీరు తెడ్డు వేస్తున్నా ముందుకి కదలరు.

టీనగర్_తులసి
మెరీనాలో మనుషుల్ని లాక్కుపోయేది అదే కదా? దాన్ని కావాలని ఎక్కమంటున్నారా?

కోవళం_కీర్తి
ఈదేవాళ్ళకి అది శత్రువే తులసి గారూ. పడవలో ఉన్నవాళ్ళకి దారి. కానీ పడవ నుంచి పడితే మీరూ ఈదేవాళ్ళే, అప్పుడు ఎదురు ఈదకుండా పక్కకి, నురగ వైపు ఈదాలి. కాబట్టి రీఎంట్రీ, అంటే నీళ్ళలోంచి మళ్ళీ పడవ ఎక్కడం, రానివాళ్ళకి నేను ఆ దారి చెప్పను. మెరీనా సంగతి వేరే, అక్కడ ఒడ్డు ఏటవాలు ఎక్కువ, కెరటం ఒక్కసారిగా మీద కూలుతుంది. స్నానాలకే పోలీసులు ఒప్పుకోరు.

భీమిలి_బుజ్జి
ఉత్తరం వైపు కూడా వద్దు. రాయపురం నుంచి ఎన్నూరు దాకా రాళ్ళ కట్ట. కెరటం దానికి కొట్టుకుని వెనక్కి వస్తుంది, వచ్చేదీ పోయేదీ ఢీకొని నీళ్ళు నిలువునా లేస్తాయి. దిగడానికి ఇసుక ఉండదు.

పల్లీబఠాణీ
1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ ఉల్మ్ నుంచి మడత కయాక్‌లో బయల్దేరి, మన తీరం పక్క నుంచే పోయి, 1939లో ఆస్ట్రేలియా చేరాడు. అప్పటికి యుద్ధం మొదలైంది, శత్రుదేశం వాడని పట్టుకుని లోపలేశారు. ఏడేళ్ళు కెరటాలు ఏమీ చేయలేకపోయాయి పాపం. నాని, నువ్వు కోవళం దగ్గర ఇంతమందిని ఇబ్బంది పెడుతున్నావు.

నావలూరు_నాని
ఆయనకి ఓఎమ్మార్ ఆఫీసులో సోమవారం స్టాండప్ మీటింగ్ లేదు కదా.

స్కెగ్ గురించి ఎవరూ చెప్పలేదు. దించాలా, ఎత్తాలా?

గిండీ_గణితం
బయట వెనక నుంచి గాలీ అలలూ వస్తుంటే దించండి, తోక పక్కకి జారదు. నురగలోకి వచ్చే ముందు ఎత్తేయండి. ఇసుకకి తగిలితే వంగుతుంది, లేదా గులకరాయి ఇరుక్కుని మళ్ళీ దిగదు. పైగా నురగలో అడ్డం తిరిగినప్పుడు తోక సులువుగా జారడమే మీకు మంచిది. దిశ తప్పకుండా ఉండాలంటే కెరటం లేపగానే తెడ్డుని ఒక పక్క వెనక్కి పెట్టి, చుక్కానిలా పట్టుకోవాలి. ముక్కు ఎటు తిరగబోతోందో దానికి అవతలి పక్క. ఆలస్యమైతే ఎంత బలం పెట్టినా తిరగదు, అప్పుడు పోరాడకుండా తిరగనిచ్చి కెరటం వైపు ఒరిగిపోండి.

కోవళం_కీర్తి
సరిగ్గా ఇదే. ఇది నేర్చుకోవడానికి నడుము లోతులో, మోకాలి ఎత్తు కెరటాల్లో కావాలనే అడ్డంగా పెట్టుకుని కూర్చోండి. ఒకసారి కుడి వైపు, ఒకసారి ఎడమ వైపు. అందరికీ ఒక వైపు బాగా వస్తుంది, రెండోది రాదు. హెల్మెట్ పెట్టుకోండి, ఇసుక మెత్తగా ఉంటుందని ఎవరు చెప్పారో గానీ తల తగిలితే సిమెంటే. స్కర్ట్ వేసుకుంటే దాని ముందు పట్టీ బయటికి ఉందో లేదో ప్రతిసారీ తడిమి చూసుకోండి. లోపలికి మడిచి బిగిస్తే తలకిందులైనప్పుడు విప్పే దారి లేదు.

నావలూరు_నాని
బైక్ హెల్మెట్ పనికొస్తుందా?

కోవళం_కీర్తి
రాదు. లోపల స్పాంజి నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, బకెట్‌లా నీళ్ళు పట్టి మెడ లాగుతుంది. నీళ్ళ ఆటలకి చిల్లులున్నవి దొరుకుతాయి, అవే కొనండి. ఈ ఆదివారం మా గుంపు వస్తోంది, నా దగ్గర ఒకటి ఎక్కువ ఉంది. శనివారం రాత్రి ఇంకాయిస్ చూసి ఇక్కడే రాస్తాను. పీరియడ్ 12 సెకన్లు దాటితే సముద్రం లేదు, ముట్టుకాడుకి వచ్చేయండి.

వడపళని_వాసు
నేనూ వస్తా. లీష్‌తోనే.

బెసంట్‌నగర్_బాబాయ్
రా. కత్తెర తెస్తాను.